మా గల్లీలో మలగని కారు

కారు కొనాలనుకున్నవాడు ఎవడైనా ముందు షోరూమ్‌కి వెళ్తాడు. మా కరెంటు ఆఫీసులో మాత్రం ముందు నా టేబుల్ దగ్గరికి వస్తాడు. ఏ కారు డిక్కీలో బియ్యం బస్తా పడుతుంది, ఏ కారుకి స్పీడ్‌బ్రేకర్ మీద పొట్ట తగులుతుంది, దేని ఏసీ మే నెలలో చేతులెత్తేస్తుంది, అన్నీ నాకు కంఠతా వచ్చు. భోజనాల వేళ ఒక చేత్తో టిఫిన్ డబ్బా, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని, వీడియోలు చూసి చూసి సంపాదించిన పాండిత్యం అది. నా పేరు ప్రేమ్‌రాజ్. ఆఫీసులో మాత్రం రివ్యూరాజ్ అనే పిలుస్తారు.

ఇంతకీ నాకు కారు లేదండీ. ఎందుకు లేదో మీకు గనక చెబుతున్నాను, బయట అనకండి. కారు నడపడమంటే నాకు భయం. లైసెన్సు ఉంది. కానీ దాన్ని సిమ్‌కార్డు తీసుకోవడానికి తప్ప మరి దేనికీ వాడలేదు. స్టీరింగ్ మీద చెయ్యి పడితే చాలు, అరచేతుల్లో బోరు పడ్డట్టు చెమట పొంగుతుంది. ముందు వెళ్ళే ఆటో హఠాత్తుగా ఆగుతుందేమో, వెనక వచ్చే లారీ ఆగదేమో, పక్కన పిల్లి దూకుతుందేమో అని బుర్రలో ఒకేసారి నాలుగు సినిమాలు నడుస్తాయి. ఈ సంగతి మా ఆవిడకి కూడా తెలియదని నా ధీమా.

మా ఆవిడ రూప సిటీ బస్సు కండక్టర్. ఆమె “రైట్ రైట్” అంటే బస్సు కదలాలి, “హోల్డాన్” అంటే ఆగాలి. ఇంట్లో నేను కూడా అంతే. ఒక్క కారు విషయంలోనే ఇన్నాళ్ళూ ఆమె మాటకి కదలకుండా నిలబడ్డాను.

“మా అమ్మ ఆటో ఎక్కేటప్పుడు చూస్తివా? కాలు పైకి లేస్తలేదు. దిగేటప్పుడు ఇద్దరం పట్టుకోవాలె. చిన్నదో పెద్దదో ఒక కారు తీస్కుందం” అనేది రూప.

“కారుకు నేనెప్పుడన్న వద్దన్ననా? గల్లీ వద్దంటుంది.”

“గల్లీ నీతోని చెప్పిందా?”

“చెప్పుడెందుకు, కనిపిస్తలేదా? మొగులయ్యన్న బర్ల కొట్టం దగ్గర ఆ మూల ఎట్లుందో చూడు. ఇటు కొట్టం, అటు కరెంటు పోలు. ఆడ కారు మల్గదు.”

మల్గదు అంటే మలుపు తిరగదని. కిషన్‌బాగ్‌లో మా గల్లీ నిజంగానే అలా ఉంటుంది. లోపలికి రాగానే ముడిచిన మోచెయ్యిలా వంగుతుంది. ఆ మోచేతి దగ్గర మొగులయ్య గేదెలు నెమరు వేస్తూ పడుకుంటాయి. నా పాలిట అవి గేదెలు కావు, లాయర్లు. ఎన్నిసార్లు కేసు వచ్చినా నా తరఫున గెలిపిస్తూ వచ్చాయి.

వినాయక చవితి దగ్గర పడ్డ రోజుల్లో, ఒక శనివారం సాయంత్రం, మా బామ్మర్ది డానియేలు బహదూర్‌పురా నుంచి ఊడిపడ్డాడు. రూపకి తమ్ముడు, రైల్వేలో పని. ఇంటికి తాళం వేసి, సందు చివరిదాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి తాళం లాగి చూసుకునే రకం. నేను డౌటు డానియేలు అంటాను, రూప లేనప్పుడు.

“బావా, రోవిస్టా ఎట్లుంటది?” అన్నాడు కూర్చుంటూనే.

నా చేతిలో చాయ్ కప్పు ఆగిపోయింది. రోవిస్టా అంటే కొత్తగా వచ్చిన కాంపాక్ట్ క్రాసోవర్. చూడ్డానికి జీపులా ఎత్తుగా, నడపడానికి చిన్నకారులా మెత్తగా, పొడవు మాత్రం మన గల్లీలకి కొలిచి కోసినట్టు ఉంటుందని వీడియోలన్నీ మొత్తుకుంటున్నాయి. మంచి బండి. అదే నా భయం.

“ఎందుకడుగుతున్నవ్?”

“తీస్కుందమనుకుంటున్న. అమ్మను దవాఖానకు తీస్కపోనీకి అక్కరకొస్తది. రేపు టెస్ట్ డ్రైవ్‌కు బండి పంపుతమన్నరు. నువ్వొచ్చి చూడు బావా. నువ్వు ఔనంటే తీస్కుంట. కాదంటే లేదు.”

తలుపు దగ్గర నిలబడి రూప వింటోంది. ఆమె కళ్ళలో మెరుపు చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డానియేలు ఉండే గల్లీ మా గల్లీకి కవల పిల్ల. అక్కడికి కారొచ్చి నిలబడిందంటే, ఇక్కడెందుకు మలగదని రూప అడుగుతుంది. అడిగాక కొంటుంది. కొన్నాక తాళం నా చేతిలో పెడుతుంది.

అందుకని ఒక పథకం వేశాను. బండిని చెడ్డదని నోటితో చెబితే నమ్మరు, కళ్ళకి చూపించాలి. పాతబస్తీలో ఎక్కడెక్కడ గుంతలున్నాయో, ఎక్కడ రోడ్డు సన్నబడుతుందో నాకు తెలుసు. ఆ దారులన్నీ ఏరి దండ గుచ్చాను. రోవిస్టా ఎక్కడో ఒకచోట కూలబడుతుంది, డౌటు డానియేలు వెనక్కి తగ్గుతాడు, గల్లీ పరువు, నా పరువు నిలబడతాయి.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందుకే బండి వచ్చింది. తెల్లగా, నున్నగా, అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు ఉంది. అందులోంచి షోరూమ్ అమ్మాయి దిగి నవ్వింది. పేరు కీర్తిప్రియ. పేరుకి తగ్గట్టే ఆ పిల్లకి బండి కీర్తి చెప్పడం చాలా ప్రియం.

“సార్, ఇది ఫ్యామిలీ బండి సార్. ఆటోమేటిక్, క్లచ్ ఉండదు. చుట్టూ కెమెరాలుంటయ్. ఏదన్న దగ్గరికొస్తే కూత వేస్తది. ముందు ఎవరన్న అడ్డమొస్తే తనంతట తనే బ్రేక్ వేసుకుంటది.”

“అట్లయితే మన దగ్గర అసలు కదలదమ్మా” అన్నాను. “ఇక్కడ అడ్డం రానిదేముంది?”

డానియేలు నోరు తెరిచాడు. మొదటి అనుమానం నాటుకుంది. నాకు కొంచెం ఊపిరి ఆడింది.

కీర్తిప్రియ నాదీ, డానియేలుదీ లైసెన్సులు ఫోటో తీసుకుంది. డానియేలు స్టీరింగ్ ముందు, నేను పక్కన కూర్చున్నాం. వెనక సీట్లో ముగ్గురు ఆడవాళ్ళు సర్దుకోవాలి. మా అత్తగారు రాహేలు ఒళ్ళు కాస్త బరువైన మనిషి, మోకాళ్ళు అరిగిపోయాయి. ఇక్కడే మొదటి దెబ్బ పడుతుందని ఆశగా చూశాను.

అత్తమ్మ తలుపు పట్టుకుంది. వీపు తిప్పి, మంచం మీద కూర్చున్నట్టు సీటు మీద కూర్చుంది. కాళ్ళు లోపలికి తీసుకుంది. అంతే.

“ఓ రూపా!” అంది ఆశ్చర్యంగా. “ఎక్కుడైపోయిందే! ఎవ్వరు పట్టలే!”

మరీ కిందికి కాదు, మరీ పైకి కాదు, సరిగ్గా ఆమె నడుం ఎత్తున ఉంది సీటు. ఆ కొలత ఎవడు తీశాడో గానీ వాణ్ణి మనసులో నానా మాటలూ అన్నాను.

“వెనక ఇరుకుగ లేదా అత్తమ్మా?” అన్నాను.

“ఇరుకేంది బిడ్డా, నడుమల ఈ పిల్ల కూడ మంచిగనే కూసున్నది.”

“నడుము నొస్తలేదా?”

“నొయ్యాల్నా ఏంది?” అంది రూప.

నేను ముందుకి తిరిగిపోయాను.

మొదట మూసీ పక్క రోడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడ పైపులు వేయడానికి తవ్వి, తవ్వినట్టే మరిచిపోయారు. గుంతలు ఎంత పెద్దవంటే వాన పడితే బాతులు కాపురం పెడతాయి. “స్పీడు తగ్గించకు డానీ, అప్పుడే తెలుస్తది” అన్నాను. డానియేలు దేవుణ్ణి తలుచుకుని దించాడు. బండి మునిగి లేచింది. కింద ఏమీ తగల్లేదు, ఏమీ విరగలేదు. నా తల మాత్రం పైకప్పుకి తగిలింది, ఎందుకంటే ఎక్కడ తగులుతుందో వినాలని సీట్లోంచి లేచి వంగి ఉన్నాను.

“ఏమయింది?” అంది రూప.

“సస్పెన్షన్ గట్టిగున్నది” అన్నాను నెత్తి రుద్దుకుంటూ.

“మాకేం తెలుస్తలే. నువ్వు సీట్ల కూసుంటే నీకు కూడ తెల్వకపోయేది.”

రెండో పరీక్ష కూడా పాసయ్యాక నాలో దిగులు మొదలైంది. ఇక బ్రహ్మాస్త్రమే మిగిలింది. “డానీ, పురానాపూల్ దాటి ధూల్‌పేట దిక్కు పోనీ” అన్నాను.

“ధూల్‌పేటనా? చవితి ముందటనా?” రూప గొంతు వెనక నుంచి పైకి లేచింది. “నీకేమన్న దిమాక్ ఉందా? ఇప్పుడు ఆడ సందులల్ల మనిషే పడ్తలేడు.”

“అదే కదా పరీక్ష! కొనేటోళ్ళకు అన్నీ తెల్వాలె.”

చవితి ముందు ధూల్‌పేటకి వెళ్ళినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఏ సందులో చూసినా వినాయకులే. రంగు పడినవాళ్ళు, పడనివాళ్ళు, తొండం ఆరుతున్నవాళ్ళు, ఇంకా కిరీటం రానివాళ్ళు. రోడ్డుకి రెండు వైపులా చెక్కల మీద, కట్టెల మీద, టార్పాలిన్ల కింద వరసగా నిలబడి ఉన్నారు. మధ్యలో మిగిలిన దారిలోకి రోవిస్టా దూరింది.

దూరగానే కూత మొదలైంది. ఎడమ పక్క దగ్గరైతే ఒక కూత, కుడి పక్క దగ్గరైతే ఒక కూత, రెండూ దగ్గరైతే జంట కూతలు.

“ఎవరు బిడ్డా ఏడుస్తున్నరు?” అంది అత్తమ్మ.

“బండి మేడమ్, జాగ్రత్త చెప్తుంది” అంది కీర్తిప్రియ.

నేను కూడా జాగ్రత్త చెప్పడం మొదలుపెట్టాను. “డానీ, ఎడమకు తొండం! కుడికి చెవి! డానీ, ముందట ఎలుక! మెల్లగ, ఎలుక!” మొదట కావాలనే భయపెట్టాను. కాసేపటికి నాకే నిజంగా భయం వేసింది. ఆ విగ్రహాల మీద ఒక్క గీత పడినా ఎవరిదో ఎన్నాళ్ళ కష్టమో పోతుంది. ఈ మాట సందు బయటే ఎందుకు తోచలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

“ఏయ్! ఆపుండ్రి! కండ్లు దిద్దుతున్న!” అని ఎవరో అరిచారు.

డానియేలు బ్రేకు తొక్కాడు. కుడివైపు ఒక పెద్దావిడ నిలువెత్తు వినాయకుడి ముందు స్టూలు మీద నిలబడి, కుంచె పైకెత్తి, ఊపిరి బిగబట్టి మమ్మల్నే చూస్తోంది. మా అద్దం ఆవిడ రంగు డబ్బాకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. ఒక కన్ను దిద్దిన వినాయకుడు ఆ ఒక్క కన్నుతోనే నన్ను చూస్తున్నట్టు అనిపించింది.

డానియేలు స్టీరింగ్ మీంచి చేతులు తీసేశాడు. “నాతోని కాదు బావా” అన్నాడు.

“ఇంకొంచెమే ఉంది తమ్మీ” అంది రూప.

“కాదక్కా. బావ చెప్తుంటె నాకు అంతట వినాయకులే కనిపిస్తున్నరు.”

అని, బండి ఆపి, తన వైపు తలుపు దొరికినంత సందు తెరిచి, సన్నటి మనిషి గనక దూది పోగులా జారి బయటికి వెళ్ళిపోయాడు. వెళ్ళి ఒక గోడకి ఆనుకుని కూలబడ్డాడు.

వెనక ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. దాని మీద గుడ్డ కప్పిన పెద్ద విగ్రహం, దాని చుట్టూ కుర్రాళ్ళు. “భాయ్, జల్దీ నికాలో!” అని హారన్ కొడుతున్నారు. ఇక వెనక్కి పోయే దారి లేదు.

“సార్, నేను నడుపుత” అంది కీర్తిప్రియ. మధ్యలోంచి పక్కకి వంగి వెనక తలుపు తీయబోయింది. అరచెయ్యి పట్టేంత తెరుచుకుని కట్టెలకి ఆగింది. ఇటు నా వైపు తలుపులకి ఒక గణపతి మోకాలు అడ్డం. వెనక ముగ్గురూ బందీలు. ముందు సీట్లో మిగిలింది నేను ఒక్కడినే.

అందరూ నన్ను చూశారు.

“ఏమయ్యా” అంది రూప. ఈసారి గొంతు మెత్తగా ఉంది. “జరుగు అటు సీట్లకు.”

“నేనా?”

“మరి వినాయకుడు నడుపుతడా?”

మధ్యలో గేరు కర్ర మీదుగా అవతలి సీట్లోకి దొర్లడం ఎలాగో ఏ వీడియోలోనూ చూపించలేదు. ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ, నడుం ఆకాశంలో పెట్టి, మోచేత్తో హారన్ కొట్టాను. కుంచె పట్టుకున్న పెద్దావిడ ఉలిక్కిపడింది.

“ఎవరయ్యా వీడు, లోపల కుస్తీ పడుతుండు?” అని వంగి చూసి, వెనక సీట్లో రూపని గుర్తుపట్టింది. “అగో, కండక్టరమ్మా! నువ్వా? నా కుంచెల సంచి బస్సుల మర్చిపోతే దాచి ఇస్తివి గద!”

“అవునమ్మా, ఆండాలమ్మా. మా ఆయన. జర ఆ డబ్బా పక్కకు పెట్టవా?”

ఆండాలమ్మ డబ్బా తీసింది. ఒక కట్టె కూడా లోపలికి జరిపి, “మెల్లగ పో నాయనా, నా బొమ్మలు పైలం” అంది.

బ్రేకు మీద కాలు పెట్టాను. కాలు నాది కానట్టుంది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అరచేతుల చెమట ప్యాంటుకి తుడుచుకున్నాను.

“రూపా, నాతోని కాదేమో.”

“నువ్వేం సోచాయించకు. నా మాట విను, గంతే. బ్రేక్ మెల్లగ వదులు… రానీ… రానీ… హోల్డాన్! స్టీరింగ్ ఎడమకు కొంచెం… చాలు. రానీ, రైట్ రైట్.”

ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి వెనక చక్రం చూస్తూ చెబుతోంది. నేను తెర మీద కెమెరా బొమ్మ చూడలేదు, వినాయకుల్ని చూడలేదు, కూతలు వినలేదు. ఆ ఒక్క గొంతే విన్నాను. బండి చీమలా పాకి సందు దాటింది. రోడ్డు మీద వెలుతురు పడగానే వెనక నుంచి ఆండాలమ్మ “శభాష్!” అని అరవడం వినిపించింది.

“సార్, ఇప్పుడు ఎడమకు తీసి ఆపండి, నేను తీసుకుంట” అంది కీర్తిప్రియ.

మంచి మాటే. కానీ ఆపడానికి కూడా ధైర్యం కావాలి కదండీ! ఎడమకి తీద్దామంటే అరటిపళ్ళ బండి. అది దాటితే ఆటోల వరస. వెనక హారన్లు తరుముతుంటే పురానాపూల్ ఎక్కేశాను. దాని మీద ఎవరు ఆపనిస్తారు? అలా ఆగలేక, ఆపలేక వెళ్తూనే ఉన్నాను. డానియేలు ధూల్‌పేటలోనే ఉండిపోయాడన్న సంగతి వంతెన దాటాక గుర్తొచ్చింది.

“డానీ!” అన్నాను.

“వాడు పిల్లగాడా? ఆటోల వస్తడు. నువ్వు ముందుకు చూడు” అంది రూప.

“ఎక్కడన్న ఆపాలె గదా!”

“ఎందుకు ఆపుడు? మంచిగనే పోతున్నవ్ గద. మా బస్సు డ్రైవరు కూడ గింత మెల్లగ నడపడు. అమ్మా, నీకెట్లుంది?”

“ఊయలల కూసున్నట్టుంది” అంది అత్తమ్మ.

బహదూర్‌పురా దగ్గర కుడివైపు తిరగాలి. ఎదురుగా వచ్చే బండ్ల ప్రవాహం ఆగదు. నేను ఎదురుచూస్తున్నాను, వెనకవాళ్ళు తిడుతున్నారు, నా చెవుల్లోంచి ఆవిర్లు వస్తున్నాయి. “సీదా పోదాం రూపా, ఎక్కడో ఒకచోట రోడ్డు అయిపోతది గదా” అన్నాను. మరుక్షణం వెనక కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. వేళ్ళన్నీ చాచిన కండక్టరు చెయ్యి.

“ఆగాలె! ఓ భాయ్, రుకో! బండి మల్గుతుంది!”

ఆటోలు ఆగాయి, బైకులు ఆగాయి, ఒక పెద్ద బస్సు కూడా ఆగింది. ఆ డ్రైవరు రూపకి నమస్కారం పెట్టాడు. నేను తిరిగాను.

అలా కిషన్‌బాగ్ వచ్చింది. మా గల్లీ వచ్చింది. మొగులయ్య కొట్టం దగ్గరికి వచ్చేసరికి, అప్పుడే నీళ్ళు తాగి వస్తున్న పెద్ద గేదె మహారాణి గల్లీకి అడ్డంగా నిలబడింది. నేను బ్రేకు కోసం కాలితో వెతుకుతున్నాను. నాకు దొరికేలోపే బండికి దొరికినట్టుంది. బండి తనంతట తానే గట్టిగా ఆగింది. మహారాణి బానెట్ మీదికి వంగి, ఒకసారి వాసన చూసి, ఒకసారి నాకి, పక్కకి తప్పుకుంది.

“ప్రేమన్నా!” మొగులయ్య పాలబిందె కింద పెట్టి పరుగెత్తుకొచ్చాడు. “నువ్వేనా నడిపేది? కారు ఇటు ఎందుకు తెచ్చినవ్? ఈ మూల మల్గదని నువ్వే గద అందరికి చెప్తవ్!”

“సార్, దిగండి, నేను చూసుకుంట” అంది కీర్తిప్రియ. ఇక్కడ తలుపులన్నీ బాగానే తెరుచుకుంటాయి. నేను సీటుబెల్టు మీద చెయ్యి వేశాను.

“నువ్వు కూసో బిడ్డా” అంది రూప ఆ అమ్మాయితో. “ఈ మూల మల్గదని ఆయన ఎప్పటిసంది చెప్తుండు. మల్గుతదో మల్గదో ఆయననే చూడనీ.”

ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఇదే ఆఖరి అవకాశం. పోలుకి మెత్తగా ఒక్కసారి ఆనిస్తే చాలు, కేసు నాదే. స్టీరింగ్ తిప్పాను. పోలు దగ్గరికొస్తోంది. కూత పెరిగింది. తెల్లటి తలుపు, దాని మీద పడబోయే గీత, గీత చూసి ఏడ్చే కీర్తిప్రియ, అన్నీ ఒకేసారి కళ్ళముందుకి వచ్చాయి. చేతులు వాటంతట అవే ఇంకొంచెం తిరిగాయి. తగిలించే ధైర్యం కూడా లేక, మలిపేశాను. పోలుకీ బండికీ మధ్య పత్రిక పట్టేంత సందు మిగిలింది, అటు కొట్టం గోడకీ అంతే. మా గుమ్మం ముందు బండి ఆగింది.

గల్లీలో జనం చేరారు. మొగులయ్య చప్పట్లు కొట్టాడు.

అప్పుడే ఫోన్ మోగింది. డానియేలు. “బావా, నాకొద్దు కారు. నాకు దమ్ము ఆడ్తలేదు. నేను ఆటోల ఇంటికి పోతున్న. నువ్వు చెప్పింది నిజం, ఇది మన తావుల నడిచే బండి కాదు.”

నా పథకం పారింది! స్టీరింగ్ మీద వాలిపోయి, బయటికి కనపడకుండా దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

“డానీ వద్దంటుండు” అన్నాను, ముఖం వీలైనంత దిగులుగా పెట్టి.

“అయ్యో” అంది రూప. కాస్త ఆలోచించి, కీర్తిప్రియ వైపు తిరిగింది. “ఇది తెలుపులనే వస్తదా, నీలం రంగుల కూడ ఉంటదా?”

నేను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను. “నీలం ఎందుకు?”

“తమ్ముడు వద్దంటే బండికేం తక్కువైంది? అమ్మకు కాళ్ళు నొస్తలేవు. గుంతలల్ల పోయింది. ధూల్‌పేటల పోయింది. మూల మలిగింది. ఇంకేం చూడాలె?”

“మైలేజీ చూడలే…”

“చూడకు.”

“డిక్కీ చిన్నగున్నది.”

“మనకు ఏం ఆస్తులున్నయని? అమ్మ వాకర్ పడుతది, చాలు.”

“మా మహారాణికి కూడ నచ్చింది” అన్నాడు మొగులయ్య బానెట్ తుడుస్తూ. నిన్నటిదాకా నా లాయర్ల యజమాని!

నేను దిగాను. రూపని గుమ్మం పక్కకి పిలిచి, మెల్లగా అన్నాను. “రూపా, మూల కాదు, గల్లీ కాదు. నాకు నడపాలంటే భయం.”

“ఎరికే.”

“ఎరికేనా?”

“స్కూటర్ మీద వెనక కూసుంటే నా బుజం మీద నీ గోర్లు దిగుతయ్. తెల్వదా నాకు?” ఆమె నవ్వలేదు. నా తడి చెయ్యి తీసుకుని కొంగుతో తుడిచింది. “బస్సుల దినాం చూస్తున్న. భయం లేనోడు ఎట్ల నడుపుతడో నాకు తెలుసు. మా అమ్మను కూసోబెట్టుకొని మెల్లగ పోయేటోడే నాకు కావాలె. పక్కకు నేనుంట.”

అక్కడ నిలబడి గోడ గీకుతూ ఉండిపోయాను. అత్తమ్మ మాత్రం బండి దిగలేదు. “షోరూమ్‌ల పేరు రాసిచ్చినంక ఒకటేసారి దిగుత” అంది.

షోరూమ్‌కి వెళ్ళాలంటే బండి బయటికి రావాలి. మా గల్లీ అవతలి చివర మూసుకుపోయి ఉంటుంది, కారు వెనక్కి తిప్పుకునే చోటు లేదు. అంటే వచ్చిన దారినే, ఆ మూల మీదుగానే, వెనక్కి నడపాలి. ఆ పని కీర్తిప్రియ చేస్తుందని ఆమె వైపు చూశాను. ఆమె అప్పటికే డ్రైవరు పక్క సీట్లో సీటుబెల్టు పెట్టుకుని కూర్చుంది. రూప బండి వెనక్కి వెళ్ళి గల్లీ మధ్యలో నిలబడింది. మొగులయ్య గేదెల్ని గోడకి జరిపాడు.

“రానీ… రానీ…” అంటూ రూప బండి మీద చేత్తో తట్టింది.

నేను ఎక్కి కూర్చుని రివర్స్ గేరు వేశాను. కీర్తిప్రియ ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టింది. “సార్, మా కస్టమర్ల కోసం ఒక చిన్న రివ్యూ చెప్తారా? బండిలో మీకు నచ్చనిది ఏమన్న ఉంటే అది కూడ చెప్పండి.”

వెనక కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. గొంతు తగ్గించి అన్నాను. “ఒకటే లోపం అమ్మా. ఇంజిన్ చప్పుడు ఇంత తక్కువగ ఉండొద్దు. లోపల మొగుడు ఏమన్నా బయట పెండ్లానికి వినబడుతది.”

“వినబడ్డది!” అంది రూప వెనక నుంచి. “రానీ, రానీ!”